పోస్ట్ కొలవకుండా పెట్టె తెరవొద్దు: ఒక సర్వర్ గది, నాలుగు రకాల ర్యాకులు

బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ఆఫీసు పాత చోటు ఖాళీ చేసి కొత్త బిల్డింగుకు మారింది. సర్వర్ గది కోసం ఇచ్చిన గడువు శనివారం రాత్రి 8 నుంచి ఆదివారం మధ్యాహ్నం 12 దాకా, అంటే 16 గంటలు. ఎక్కించాల్సిన సామాను కూడా 16: 2యూ సర్వర్లు ఎనిమిది (యూ అంటే ర్యాకులో ఎత్తు కొలత), 1యూ సర్వర్లు నాలుగు, 36 డిస్కుల 4యూ స్టోరేజ్ పెట్టె ఒకటి, స్విచ్చులు రెండు, ఫైర్‌వాల్ ఒకటి. మొత్తం 27యూ. గదిలో నాలుగు ర్యాకులు (సర్వర్లు ఎక్కించే ఇనుప చట్రాలు) కలిపి 150యూ ఉన్నాయి. కాగితం మీద చూస్తే చోటు ఐదింతలకు పైనే. అయినా మొదటి సర్వర్ లోపలికి వెళ్లి క్లిక్కుమనేసరికి అర్ధరాత్రి దాటింది.

కారణం ఒక్కటే. ప్లాన్ షీట్లో ఎన్ని యూలో రాశారు, ఏ సర్వర్ ఏ యూలోనో రాశారు. ఏ ర్యాకుకు ఏ రకం హోల్స్, ర్యాకు నిలువు స్తంభాల్లో ముందు పోస్టుకీ వెనక పోస్టుకీ మధ్య దూరమెంత అన్న రెండు గడులు మాత్రం లేవు. రైల్ (సర్వర్‌ను మోసే పక్క పట్టా) ఎక్కకపోతే అందరూ రైల్‌నే తిడతారు. ఈ గదిలో పన్నెండు జతల సర్వర్ రైల్స్‌లో ఒక్కటి కూడా చెడిపోయింది కాదు.

ఉన్న ర్యాకులివీ. ఒకటోది కొత్తది, 42యూ, 600 బై 1000 (వెడల్పు, లోతు మి.మీ.లో), చదరపు హోల్స్. రెండోది పాత ఆఫీసు నుంచి తెచ్చింది. అదీ 42యూ, 600 బై 1000, కానీ పోస్టులు వెల్డింగ్ చేసినవి, హోల్స్‌లో ఎం6 (6 మి.మీ. స్క్రూ) మర ముందే కోసి ఉంది. మూడోది నెట్‌వర్క్ కోసం వాడే రెండు కాళ్ల ఓపెన్ ర్యాక్, 42యూ, మర 12-24 (అంగుళాల కొలత స్క్రూ). నాలుగోది 24యూ చిన్న ర్యాక్, మర లేని గుండ్రటి హోల్స్.

ముందుగా హోల్స్ లెక్క తెలియాలి, మిగతా గొడవంతా అక్కడి నుంచే పుడుతుంది. 19 అంగుళాల ర్యాకుల కొలతలు ఈఐఏ-310 ప్రమాణం ప్రకారం ఉంటాయి. 1యూ అంటే 44.45 మి.మీ. అందులో మూడు హోల్స్. వాటి మధ్య దూరం 15.875, 15.875, ఆ తర్వాత పక్క యూ మొదటి హోల్‌కు 12.7. అంటే హోల్స్ సమాన దూరంలో ఉండవు. రెండు హోల్స్ కాస్త దగ్గరగా కనిపించిన చోట, సరిగ్గా వాటి నడుమ యూ హద్దు ఉంటుంది. వెనక పోస్టు మీద నంబర్లు అచ్చు వేయని ర్యాకులు మన దగ్గర చాలా ఉన్నాయి. అలాంటప్పుడు ఈ దగ్గర జంటే దారి చూపిస్తుంది. ఇంకో సంగతి: కొన్ని ర్యాకుల్లో నంబర్లు కింది నుంచి, కొన్నింట్లో పై నుంచి మొదలవుతాయి. రెండు రకాలూ ఒకే గదిలో ఉంటే ప్లాన్ షీట్ మీద ఆ ముక్క పెద్దక్షరాలతో రాసుకోవాలి.

ఒకటో ర్యాకుకు చదరపు హోల్స్ కాబట్టి పని సుళువని అనుకున్నారు. సర్వర్ రైల్స్ టూల్ అక్కర్లేని రకం. కొసన ఉన్న పిన్నులు 9.5 మి.మీ. చదరపు హోల్‌లో కూర్చుని, స్ప్రింగ్ కొక్కెం పోస్టును పట్టుకుంటుంది. కానీ ఇక్కడ వెనక పోస్టులు ఫ్యాక్టరీలో బిగించిన చోటే ఉన్నాయి. ముందు పోస్టు బయటి ముఖం నుంచి వెనక పోస్టు బయటి ముఖం దాకా కొలిస్తే 560 మి.మీ. వచ్చింది. రైల్స్ పెట్టెలోని కాగితంలో ఉన్న పరిధి 610 నుంచి 880. పూర్తిగా మూసినా రైల్ 610 కన్నా పొట్టి కాదు, 560లో పట్టే ప్రశ్నే లేదు. ర్యాక్ లోతు 1000 అని క్యాటలాగ్‌లో చదివి కొనేవాళ్లు సాధారణంగా పడే గుంట ఇదే. 1000 అనేది పెట్టె బయటి కొలత, రైల్‌కు కావలసింది పోస్టుల మధ్య కొలత. ఆ కొలతను కూడా కొన్ని కంపెనీలు బయటి ముఖాల మధ్య చెబుతాయి, కొన్ని లోపలి ముఖాల మధ్య. కాగితంలోని బొమ్మలో బాణం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూసి టేపు పెట్టాలి.

వెనక పోస్టులను 740కి జరిపారు. ఆ అంకె ఊరికే వేసింది కాదు. సర్వర్ లోతు ముందు చెవి (ముందు పోస్టుకు ఆనే రేకు) నుంచి 715. పోస్టులు 740లో ఉంటే సర్వర్ వెనక ముఖం పోస్టు కన్నా 25 మి.మీ. లోపలే ఆగుతుంది. పవర్ త్రాడు తల, నెట్‌వర్క్ కేబుల్ మలుపు దాని వెనక పడతాయి. ముందు పోస్టు తలుపు నుంచి 100 మి.మీ. లోపలికి ఉంది. 100కు 740 కలిపితే 840, వెనక మిగిలేది 160. నిలువు పీడీయూకి (కరెంటు పంచే ప్లగ్గుల పట్టీ), కేబుల్ కట్టలకు అది చాలు. కేబుల్ మేనేజ్‌మెంట్ ఆర్మ్ (సర్వర్ లాగినప్పుడు కేబుళ్లతో పాటు సాగే మడత చేయి) కూడా పెడితే చాలదు. పెట్టెలతో పాటు ఆర్మ్‌లు ఎనిమిదీ వచ్చాయి గానీ ఒక్కటీ బిగించలేదు. వెల్క్రో పట్టీలతో, సర్వర్ బయటికి లాగినా సరిపడేంత వదులు ఉంచి కట్టేశారు. ఆర్మ్ వేడి గాలికి అడ్డం, వెనక డిస్కో పవర్ సప్లయో మార్చాలన్నా అడ్డమే. 1000 లోతు ర్యాకులో దాని జోలికి వెళ్లకపోవడమే మేలు.

పోస్టు జరపడం ఖాళీ ర్యాకులోనే చేయాలి. ఒక్కో పోస్టుకు కింద, మధ్య, పైన మూడు చోట్ల అలెన్ బోల్టులు ఉంటాయి. మూడూ వదులు చేసి, రెండు పోస్టులనూ ఒకే గాటుకు తెచ్చి, బిగించే ముందు కిందా మధ్యా పైనా మూడు చోట్ల టేపు పెట్టాలి. మధ్య బోల్టు మరిచిపోతే పోస్టు విల్లులా వంగుతుంది. కింద 740, పైన 740, నడుమ 736 వస్తుంది. అప్పుడు కింది సర్వర్లు హాయిగా జారి, నడుమవి బిగుసుకుంటాయి. ఆ తర్వాత ముందు పోస్టు 20వ యూ హద్దుకూ, వెనక పోస్టు 20వ యూ హద్దుకూ మాస్కింగ్ టేపు అంటించి, వాటి మీద తాపీమేస్త్రీ వాడే రసమట్టం పెట్టి చూస్తే రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో తేలిపోతుంది.

ఈ టేపు పని ఒకటో ర్యాకులో ఎడమ పక్కకే చేసి, కుడి పక్క వదిలేశారు. దాని ఫలితం 19వ యూలో కనిపించింది. అక్కడ ఎక్కాల్సింది 1యూ సర్వర్. దాని రైల్ వెనక కొసకు పక్కపక్కనే రెండు పిన్నులు, నడుమ 15.875 మి.మీ. ఒక యూలో మూడు హోల్స్ ఉంటాయి కాబట్టి ఆ రెండు పిన్నులు ఒకటి, రెండు హోల్స్‌లోనూ కూర్చుంటాయి, రెండు, మూడు హోల్స్‌లోనూ కూర్చుంటాయి. రెండు చోట్లా క్లిక్కుమని ఒకేలా వినిపిస్తుంది. కుడి రైల్ వెనక కొస ఒక హోల్ పైకి ఎక్కింది. 740 మి.మీ. పొడవుకు 16 మి.మీ. ఎత్తు తేడా, కోణంలో ఒకటిన్నర డిగ్రీ కూడా లేదు, కంటికి ఆనదు. సర్వర్ మూడింట రెండు వంతులు నున్నగా వెళ్లి ఆగిపోయింది. వెనక నుంచి కుర్రాడు “బలంగా తొయ్యన్నా, దుమ్ము పట్టినట్టుంది” అన్నాడు. కొత్త రైల్‌కు దుమ్మెక్కడిది? తోయలేదు కాబట్టి బతికిపోయింది. తోసి ఉంటే లోపలి రైల్ వంగేది, అది వంగాక మరే ర్యాకుకూ పనికిరాదు.

పై హోల్, కింది హోల్ పట్టుకునే రైల్స్‌తో ఈ పొరపాటు జరగదు. ఆ పిన్నుల మధ్య దూరం 31.75. ఒక హోల్ పైకి జరిపితే అక్కడ దొరికే దూరం 28.575 మాత్రమే, 3 మి.మీ. పైగా తేడా, పిన్ను దూరనే దూరదు. ఒకే పిన్ను ఉన్నవీ, పక్కపక్క పిన్నులున్నవీ, పొడవాటి గాడిలో స్క్రూ బిగించేవీ మోసం చేస్తాయి. అలాంటి రైల్ వచ్చిందంటే నాలుగు మూలలా టేపు అంటించాల్సిందే.

రైల్స్ ఎక్కించే వరుస మామూలే. ఎడమ, కుడి అని ముందు నుంచి చూసి చెప్పేవి, ఫ్రంట్ అని రాసిన కొస ముందుకు. వెనక కొస ముందు పెట్టి, తర్వాత రైల్ సాగదీసి ముందు కొస పెడితే ఒక్కరే చేయొచ్చు. కొక్కెం పడ్డాక రైల్ పట్టుకుని ఒకసారి ముందుకు లాగి చూడాలి. అసలు జాగ్రత్త సర్వర్‌ను రైల్‌లో పెట్టేటప్పుడు కావాలి. ఇందులో రెండు రకాలు. పై నుంచి దింపే రకంలో రైల్స్ పూర్తిగా బయటికి లాగి, సర్వర్ పక్కన ఉన్న గుండీలను వెనకవి ముందు, ముందువి తర్వాత గాడిలోకి దింపుతారు. ఎదురుగా తోసే రకంలో లోపలి రైల్ సర్వర్‌కు తగిలించి, దాన్ని నడిమి రైల్‌లోకి దూరుస్తారు. ఈ రెండో రకంలో నడిమి రైల్ లోపల బాల్ బేరింగులు పట్టుకునే సన్నటి రేకు చట్రం ఒకటి అటూ ఇటూ జారుతూ ఉంటుంది. అది ముందు కొస దాకా వచ్చి ఉండాలి. వెనకెక్కడో ఉండగా సర్వర్ తోస్తే లోపలి రైల్ అంచు వెళ్లి చట్రాన్ని గుద్దుతుంది, రేకు నలిగి గుండ్లు జలజలా రాలతాయి. రాలిన గుండ్లు ఏరి మళ్లీ పెట్టడం కుదిరే పని కాదు, ఆ జత పోయినట్టే. అందుకే తోసే ముందు రెండు పక్కలా వేలు పెట్టి చట్రాన్ని ముందుకు లాక్కోవాలి, సర్వర్ ఎత్తిన ఇద్దరిలో ఎవరి చేయీ ఖాళీగా ఉండదు కాబట్టి ఈ పని మూడో మనిషిది. నిండుగా డిస్కులున్న 2యూ సర్వర్ 30 కేజీల దాకా తూగుతుంది. ముగ్గురు లేకుండా మొదలుపెట్టకూడదు.

ఎనిమిది 2యూ సర్వర్లు 3వ యూ నుంచి 18 దాకా, జారే రైల్స్ ఉన్న రెండు 1యూ సర్వర్లు 19, 20లో ఎక్కాయి. కింది నుంచి పైకి, బరువైనవి ముందు. ర్యాక్ ముందు కాళ్లు బయటికి తీసి నేలకు ఆనించాకే మొదటిది ఎత్తారు. ఒకేసారి రెండు సర్వర్లు బయటికి లాగితే ర్యాక్ ముందుకు ఒరుగుతుంది. ఖాళీ యూలకు మూత పలకలు వేశారు.

రెండో ర్యాక్ దగ్గర ఇంకో చిక్కు. మర ఉన్న హోల్‌లోకి టూల్ అక్కర్లేని పిన్ను దూరదు. పెట్టెలోని కాగితంలో చదరపు హోల్, మర లేని గుండ్రటి హోల్ అని రెండే బొమ్మలున్నాయి, మూడోది లేదు. డ్రిల్ తెచ్చి మర తీసేసి గుండ్రంగా చేద్దామని ఒక మాట వచ్చింది. అది చేయకూడని పని. పోస్టు బలం తగ్గుతుంది, రంగు లేచిన చోట తుప్పు పడుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా ఇనుప పొడి సర్వర్ ఫ్యాన్ల దారిలో గదంతా తిరుగుతుంది. మిగిలిన దారులు మూడు: కంపెనీ దగ్గర మర హోల్స్‌కు అడాప్టర్ బ్రాకెట్లు తెప్పించడం, పోస్టులు విప్పి చదరపు హోల్స్ ఉన్నవి వేయడం, స్క్రూతో బిగించే స్టాటిక్ (జారని) రైల్స్ వాడడం. ఈ ర్యాకులో పోస్టులు వెల్డింగ్‌వి కనుక రెండోది కుదరదు, అడాప్టర్లు ఆ రాత్రికి దొరకవు. అందుకే జారే రైల్స్ ఉన్నవన్నీ ఒకటో ర్యాకుకే పంపి, స్టాటిక్ రైల్స్ వచ్చిన మిగతా రెండు 1యూ సర్వర్లను ఇక్కడ పెట్టారు. పోస్టుల మధ్య 700 ఉంది, ఆ రైల్స్‌కు సరిపోయింది.

స్టాటిక్ రైల్‌తో వచ్చిన స్క్రూలు 10-32. వాటి మందం 4.83 మి.మీ. ఎం6 మర లోపలి వ్యాసం అంతకన్నా ఎక్కువ, కాబట్టి స్క్రూ తిప్పకుండానే లోపలికి జారిపోయింది. దీంతో బాధ లేదు, తప్పని అక్కడికక్కడే తెలుస్తుంది. ప్రమాదం 12-24తో. దాని మందం 5.49, మరల మధ్య దూరం 1.058 మి.మీ. ఎం6 మరల మధ్య దూరం 1 మి.మీ. రెండూ ఇంత దగ్గర కాబట్టి 12-24 స్క్రూ ఎం6 నట్‌లో తిరుగుతూ వెళ్లి బిగుసుకున్నట్టే అనిపిస్తుంది. పట్టుకున్నది మర అంచును మాత్రమే, బరువు పడితే ఊడి వస్తుంది. తిరగేసి ఎం6 స్క్రూను 12-24 హోల్‌లో పెడితే కొసన పట్టి ఆగిపోతుంది. మూడో ర్యాకులో సరిగ్గా అదే జరిగింది. డ్రిల్ మెషిన్‌కు స్టార్ బిట్ పెట్టి ఎం6 ఎక్కించబోతే 31వ యూలో ఒక హోల్ మర పోయింది. 12-24 ట్యాప్‌ను (మర కోసే పనిముట్టు) చేత్తో తిప్పి మర సరిచేయొచ్చు, కింద తడిగుడ్డ పరిచి, పక్కన అయస్కాంతం పెట్టుకుంటే పొడి దొరుకుతుంది. ఆ రాత్రి ట్యాప్ లేదు, ఫైర్‌వాల్‌ను 32కు మార్చారు. మొదటి మూడు చుట్లు వేళ్లతో తిరగని స్క్రూ ఆ హోల్‌ది కాదు. మెషిన్ ఆ తర్వాతే.

స్క్రూలు, కేజ్ నట్లు (చదరపు హోల్‌లో కూర్చునే నట్లు) ముందు రోజే ఎస్‌పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో కొనుక్కోవాలి. రాత్రి తొమ్మిది తర్వాత ఎలక్ట్రానిక్ సిటీలో ఎం6 స్క్రూ కోసం ఎవరి తలుపు తడతారు? ఈ గదికి పట్టినవి: ఎం6 కేజ్ నట్లు 24, ఎం6 బై 16 స్క్రూలు 40, 12-24 స్క్రూలు 16, క్లిప్ నట్లు 8, పళ్ల వాషర్లు 12. కొనేటప్పుడు దీనికి సగం ఎక్కువ కలపాలి, కేజ్ నట్లు నేల పలకల సందుల్లో మాయమవడంలో దిట్టలు. కేజ్ నట్‌ను పోస్టు లోపలి వైపు నుంచి పెట్టాలి, దాని రెక్కలు ఎడమ కుడి అంచులను పట్టుకునేలా ఉండాలి. రెక్కలు పైకీ కిందికీ ఉంటే బరువు నేరుగా వాటి మీదే పడుతుంది, నట్ వెనక్కి ఊడుతుంది. దీనికి చిన్న కొక్కెం టూల్ ఉంటుంది. దాని బదులు స్క్రూడ్రైవర్ వాడితే నట్టు కన్నా ముందు బొటనవేలు చిట్లుతుంది.

రెండు కాళ్ల ర్యాకులోనూ సర్వర్ పెట్టాలని ప్లాన్‌లో ఉంది, అది కొట్టేశారు. లెక్క చూడండి. 30 కేజీల సర్వర్, లోతు దాదాపు 720. బరువు నడిమధ్య ఉందనుకుంటే ముందు చెవుల నుంచి 360 మి.మీ. దూరం. చెవులతో మాత్రమే వేలాడదీస్తే పోస్టు మీద పడే మెలి 106 న్యూటన్ మీటర్లు, మీటరు కడ్డీ చివర దాదాపు 11 కేజీలు కట్టి అడ్డంగా పట్టుకున్నట్టు. సర్వర్ చెవులు దానికోసం చేసినవి కావు, తోసిన సర్వర్ జారి రాకుండా ఆపడానికే. రెండు కాళ్ల ర్యాకుకు పనికొచ్చే స్టాటిక్ రైల్స్ ఉన్నాయి, వాటిని పోస్టు నడుమన బిగిస్తే సర్వర్ సగం ముందుకు సగం వెనక్కి వచ్చి బరువు తూకంగా ఉంటుంది. జారే రైల్స్ మాత్రం అక్కడ ఎప్పుడూ వద్దు. ఇక్కడ స్విచ్చులు రెండూ, ఫైర్‌వాల్ మాత్రమే పెట్టారు. స్విచ్ గాలి ఏ వైపు నుంచి లాగుతుందో ఫ్యాన్ మీది బాణం చూసి పెట్టాలి, పోర్టులు ఉన్న వైపు నుంచి వేడి వదిలే రకాలూ ఉంటాయి.

నాలుగో ర్యాక్ గుండ్రటి హోల్స్‌ది, వ్యాసం 7.1 మి.మీ. స్టోరేజ్ పెట్టెకు వచ్చినవి జారే రైల్స్ కావు, ఎల్ ఆకారపు అరలు. ఒక్కో దానికి ముందు రెండు, వెనక రెండు స్క్రూలు, మొత్తం ఎనిమిది. గుండ్రటి హోల్‌లో కేజ్ నట్ కూర్చోదు, పోస్టు అంచు మీదుగా తొడిగే క్లిప్ నట్ కావాలి. తొడిగాక నట్ హోల్‌కు ఎదురుగా వచ్చిందో లేదో ముందు నుంచి చూడాలి, మిల్లీమీటరు పక్కకు ఉన్నా స్క్రూ వంకరగా పడుతుంది. పెట్టె ఎత్తే ముందు 36 డిస్కులూ తీశారు. 3.5 అంగుళాల డిస్కు ఒక్కోటి దాదాపు 0.7 కేజీ, అంటే ఆ తీతతోనే 25 కేజీల బరువు దిగిపోయింది. తీసిన వరుసలోనే తిరిగి పెట్టాలి కాబట్టి ఒక్కో డిస్కు మీద స్లాట్ నంబర్ చీటీ అంటించారు. 1 నుంచి 4వ యూ దాకా, అన్నిటికన్నా కింద దాని చోటు.

రంగు వేసిన పోస్టుకు కేజ్ నట్ తగిలినంత మాత్రాన ఎర్త్ అందినట్టు కాదు. ఎర్త్ తీగ బిగించే చోట పళ్ల వాషర్ వేస్తే రంగు గీసుకుని లోహానికి తగులుతుంది. నాలుగు ర్యాకులకూ ఆ పని చేసి, మల్టీమీటర్‌తో ర్యాక్ నుంచి ఎర్త్ బార్‌కు కొలిచాకే కరెంటు ఇచ్చారు. అప్పటికి ఆదివారం ఉదయం పదిన్నర. కరెంటు ఇచ్చే ముందు జారే సర్వర్లు పదింటినీ ఒక్కొక్కటిగా పూర్తిగా బయటికి లాగి మళ్లీ తోశారు. 7వ యూలో కేబుల్ కట్ట పీడీయూకి తట్టుకుంటోంది, వెల్క్రో విప్పి నాలుగంగుళాల వదులు ఇస్తే సరిపోయింది.

మూడో ర్యాకు 31వ యూ పాడైన హోల్‌కు ఎర్ర టేపు అంటించి ఉంది, ట్యాప్ వచ్చే దాకా అక్కడ ఏదీ బిగించకూడదు. ఒకటో ర్యాక్ తలుపు లోపలి వైపు జిప్ కవరొకటి వేలాడుతోంది. అందులో మిగిలిన ఎం6 కేజ్ నట్లు 12, స్క్రూలు 20, కొక్కెం టూల్, “పోస్టుల మధ్య 740, కొలిచింది బయటి ముఖాల మధ్య” అని రాసిన చీటీ ఉన్నాయి.